బాణం వేసి కొలిచిన ఊళ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ముస్లిం పాలకుల కాలంలో వెలసిన నగరాలను గురించి ఈ శీర్షికకు కొంతకాలంగా చాలా ప్రశ్నలు వస్తున్నాయి. ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి, ఆరు ప్రశ్నలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి. విషయం అటువంటిది కనుక పాఠకులు ఓపిక పట్టాలని మనవి.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక అధ్యాపకుడు): ఇస్లామీయ నగరాలన్నీ ప్రణాళిక అంటూ లేకుండా, ఎవరికి తోచినట్టు వారు కట్టుకోగా వంకర టింకర సందులతో పెరిగినవని చదివాను. రోమన్లు వేసిన తిన్నని వీధులను కూడా వీరు చెరిపివేశారంటారు. ఇది ఎంతవరకు నిజం?

జవాబు: మొదటి మాట నిజం కాదు, రెండవది సగమే నిజం. అరబ్బులు స్వయంగా పునాది వేసిన తొలి పట్టణాల సంగతి చూస్తే ఇది తెలుస్తుంది. రెండవ ఖలీఫా ఉమర్ కాలంలో, 638 ప్రాంతంలో, సాద్ ఇబ్న్ అబీ వక్కాస్ అనే సేనాని ఇరాక్‌లో యూఫ్రటీస్ నది దాపున కూఫా అనే దండు పట్టణాన్ని స్థాపించాడు. 923లో మరణించిన చరిత్రకారుడు తబరీ చెప్పిన ప్రకారం, ముందుగా మసీదుకు స్థలం నిర్ణయించి, అక్కడ గట్టి విలుకాడిని నిలబెట్టి, దిక్కు దిక్కుకూ బాణాలు వేయించారు. బాణం పడిన చోటికి ఇవతల ఎవరూ ఇల్లు కట్టకూడదు, కట్టదలచినవారు అవతలనే కట్టుకోవాలి. పెద్ద వీధులు 40 మూరలు, వాటి తరువాతివి 30 మూరలు, ఆ తరువాతివి 20 మూరలు, సందులు 7 మూరలు ఉండాలని ఖలీఫా ఉత్తర్వు వచ్చింది. మొదట వేసుకున్న రెల్లు గుడిసెలు నిప్పంటుకుని తగలబడిపోయిన తరువాత ఇటుకతో కట్టుకోవడానికి అనుమతి దొరికింది గాని, ఒక్కొక్కరు మూడు గదులకు మించి కట్టరాదని, ఎత్తులో ఒకరితో ఒకరు పోటీ పడరాదని ఉమర్ షరతు పెట్టాడు.

అదే కూఫాలో జరిగిన మరొక సంగతి నాకు చాలా ఇష్టమైనది. పాలకుడి భవనానికి, మసీదుకు నడుమ మొదట ఒక బాట ఉండేది. దొంగలు గోడకు కన్నం వేసి ఖజానాలో సొమ్ము ఎత్తుకుపోయారు. సాద్ ఆ సంగతి ఖలీఫాకు రాస్తే, మసీదును జరిపి ఖజానాను ఆనుకుని ఉండేలా కట్టమని, మసీదులో రాత్రింబగళ్లు ఎవరో ఒకరు ఉంటారు గనుక వారే ఖజానాకు కాపలా అవుతారని జవాబు వచ్చిందట. ఊరి నడిబొడ్డున మసీదు, దాని పక్కనే పాలకుడి నివాసం అనే అమరిక ఆ తరువాత అనేక పట్టణాలలో కనిపిస్తుంది. దానికి మత సిద్ధాంతంతో పాటు ఇటువంటి ఇంటి తెలివి కూడా కారణమైందని తెలిసినప్పుడు, ఆ ఊళ్లు కట్టినవారు మనకు దగ్గరి మనుషులుగా తోస్తారు.

ఇంకా స్పష్టమైన సాక్ష్యం లెబనాన్‌లోని అంజర్. ఎనిమిదవ శతాబ్దం తొలి నాళ్లలో ఉమయ్యద్ ఖలీఫా మొదటి వలీద్ కాలంలో కట్టిన ఈ పట్టణం దీర్ఘచతురస్రాకారపు గోడల నడుమ ఉంది. రెండు రాజవీధులు లంబంగా ఖండించుకుంటాయి, వాటికి ఇరువైపులా దుకాణాల వరుసలు ఉన్నాయి. రోమన్ పద్ధతిని చెరపడం అటుంచి, శ్రద్ధగా అనుసరించి కట్టిన ఊరు ఇది.

మరి వంకరలు ఎక్కడి నుంచి వచ్చాయి? చరిత్రకారులు చూపే కారణాలలో నాకు బలంగా కనిపించేది ఒంటె. బరువు మోసే ఒంటెకు చదునైన రాతి బాట అక్కరలేదు, బండి మలుపు తిరిగేంత వెడల్పూ అక్కరలేదు. పశ్చిమాసియాలో చక్రాల బండి వాడకం ఇస్లాం పుట్టకముందే, నాలుగు నుంచి ఆరవ శతాబ్దం మధ్య కాలంలో, తగ్గిపోతూ వచ్చింది. బండ్లు తిరగని ఊళ్లో తిన్నని వెడల్పాటి వీధి ఎవరికీ పనికిరాని ఖాళీ జాగా అవుతుంది. సిరియాలోని అలెప్పో వంటి పాత రోమన్ నగరాలలో స్తంభాల వరుసల నడుమ ఉన్న విశాలమైన వీధిలోకి చిన్న చిన్న దుకాణాలు చొచ్చుకువచ్చి, క్రమంగా అదంతా సన్నని సమాంతర బజారులుగా మారిపోయింది. ఈ మార్పు కూడా చాలాచోట్ల అరబ్బుల రాకకు ముందే మొదలైంది. చెరిపివేశారన్న మాట సగమే నిజమని నేను అన్నది ఇందుకే. వీధి మారిన మాట వాస్తవం, దానిని ఒక మతానికి అంటగట్టడం సరికాదు.

రెండవ కారణం న్యాయశాస్త్రం. హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్న ప్రవక్త వచనం ఆధారంగా న్యాయాధికారులైన ఖాజీలు శతాబ్దాల పాటు ఇరుగుపొరుగు తగాదాలు తీర్చారు. పద్నాలుగవ శతాబ్దంలో ట్యునిస్ నగరంలో ఇబ్న్ అల్ రామీ అనే మేస్త్రీ ఖాజీకి కట్టడాల విషయంలో నిపుణుడిగా పనిచేసి, అటువంటి తీర్పులను ఒక గ్రంథంగా కూర్చాడు. పొరుగువాడి పెరడు కనిపించేలా కిటికీ పెట్టవచ్చునా, నా గోడలో పక్కవాడు దూలం దూర్చుకుంటానంటే కాదనవచ్చునా, రొట్టెల పొయ్యి పొగ పక్కింటిని కమ్మితే ఏం చేయాలి అన్నవే అప్పటి నగర నిర్మాణ సమస్యలు. దారి వెడల్పు మీద తగవు వస్తే ఏడు మూరలు వదలాలన్నది హదీసులో, అంటే ప్రవక్త వచనాలలో, ఉన్న నియమం. బరువుతో ఎదురెదురుగా వచ్చే రెండు ఒంటెలు తప్పుకోవడానికి ఆ మాత్రం చోటు కావాలి. ఇక రెండో కొస మూసుకుపోయిన సందు అందులో గుమ్మాలున్న ఇళ్లవారందరి ఉమ్మడి ఆస్తి. అక్కడ కొత్త గుమ్మం తెరవాలంటే అందరి సమ్మతి కావాలి. తండ్రి పోయాక ఇంటిలో కొడుకులతో పాటు కూతుళ్లకూ వాటాలు పడతాయి గనుక, పెద్ద లోగిలి ముక్కలై, ఒక్కొక్క ముక్కకు దారి కోసం కొత్త సందు పుట్టేది. పైనుంచి చూసేవారికి చిక్కుముడిలా కనిపించే గల్లీ వెనుక ఇన్ని తరాల ఒప్పందాలు ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మసీదు, బజారు, హమాం (ఉమ్మడి స్నానశాల), లోపలికి తిరిగిన ఇళ్లు కలిస్తే ఇస్లామీయ నగరం అనే నమూనాను ఇరవయ్యవ శతాబ్దం తొలి సగంలో ఫ్రెంచి పండితులు తయారు చేశారు. వారు ప్రధానంగా చూసినవి ఫ్రాన్సు ఏలుబడిలో ఉన్న ఉత్తరాఫ్రికా ఊళ్లే. ఆ కొద్ది ఊళ్లను చూసి మొత్తం ముస్లిం ప్రపంచానికి సూత్రం కట్టడం తగదని జానెట్ అబూ లుఘోద్ అనే పండితురాలు 1987లో వాదించింది. ఆమె మాట నాకు సబబుగా తోస్తుంది. వాలు మీద కాలువల నడుమ ఉన్న మొరాకోలోని ఫెజ్‌కు, చెక్క ఇళ్ల ఇస్తాంబుల్‌కు ఒకే కొలబద్ద ఎలా సరిపోతుంది?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక విద్యార్థిని): బాగ్దాద్‌ను గుండ్రంగా కట్టారని విన్నాను. ఎందుకు అలా కట్టారు? ఇప్పుడు వెళితే ఆ గోడలు కనిపిస్తాయా?

జవాబు: కనిపించవమ్మా. ఆ వలయ నగరం పచ్చి ఇటుకతో కట్టినది. దాని మీద ఊరు మీద ఊరు లేచినందున నేల పైన ఒక్క గోడ కూడా మిగలలేదు. మనకు తెలిసిన వివరాలన్నీ పాత గ్రంథాల నుంచి వచ్చినవే.

అబ్బాసీ ఖలీఫా మన్సూర్ 762లో టైగ్రిస్ నది పడమటి ఒడ్డున ఈ నగరానికి శంకుస్థాపన చేశాడు. ముహూర్తం పెట్టినవారిలో నౌబఖ్త్ అనే ఇరానీ జ్యోతిష్కుడు, మాషాఅల్లా అనే యూదు జ్యోతిష్కుడు ఉన్నారు. నగరం ఎలా ఉండబోతుందో కళ్లారా చూడాలని ఖలీఫా కోరగా, నేల మీద బూడిదతో గీత గీసి, దాని వెంట పత్తి గింజలు పరచి, నాఫ్తా అనే మండే నూనె చల్లి నిప్పంటించారట. చీకటిలో ఆ వలయం మండుతుండగా మన్సూర్ చూసి, ఆ గీత మీదనే పునాదులు తవ్వమన్నాడని తబరీ రాశాడు. ఖురాసాన్, బస్రా, కూఫా, షామ్ (సిరియా) అని నాలుగు దర్వాజాలకు పేర్లు పెట్టారు. ఏ దర్వాజా నుంచి బయలుదేరితే ఆ పేరుగల ప్రాంతానికి దారి. నట్టనడుమ ఆకుపచ్చ గుమ్మటం ఉన్న రాజభవనం, దాన్ని ఆనుకుని మసీదు. ఊరికి పెట్టిన పేరు మదీనతుస్సలామ్, అంటే శాంతి నగరం.

వలయాకారం అరబ్బుల కల్పన కాదు. ఇరాన్‌లో ససానీ వంశ స్థాపకుడు అర్దషీర్ మూడవ శతాబ్దంలో కట్టిన గూర్ నగరం కూడా నాలుగు దర్వాజాలతో గుండ్రంగానే ఉండేది. దాని ఆనవాళ్లు ఫిరూజాబాద్ దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. పాత ఇరాన్ రాజరికానికి వారసుడినని చాటుకోవాలన్న కోరిక మన్సూర్‌కు ఉండేది. అయినా దగ్గరలోనే ఉన్న ససానీ రాజధాని టెసిఫోన్‌లోని రాజభవనాన్ని పడగొట్టి ఆ ఇటుకలు తెమ్మన్నాడు. ఇరానీ మంత్రి ఖాలిద్ బర్మకీ వద్దని చెప్పినా వినలేదు. కొంత కూల్చాక, పాత ఇటుక తేవడానికి అయ్యే ఖర్చు కొత్త ఇటుక చేయించడం కంటే ఎక్కువని తేలి పని ఆపించబోతే, అదే ఖాలిద్ ఈసారి ఆపవద్దన్నాడట. ఇతరులు కట్టినదాన్ని మీరు కూల్చలేకపోయారని లోకం అనుకుంటుందని అతని వాదన. మన్సూర్ ఆపేశాడు. తాక్ కస్రా అని పిలిచే ఆ భవనపు మహా కమాను నేటికీ నిలిచి ఉంది, దాని ఇటుకలతో కట్టదలచిన నగరం మాత్రం లేదు.

వలయ నగరం పాలనకు కట్టిన ఊరే గాని బతకడానికి కట్టిన ఊరు కాదు. కట్టిన పదేళ్లకే, 774 ప్రాంతంలో, భద్రత పేరుతో బజారులను గోడ బయట ఉన్న కర్ఖ్ ప్రాంతానికి తరలించారు. జనం బజారు వెంట వెళ్లారు. అసలైన బాగ్దాద్ ఆ కర్ఖ్‌లోను, నదికి తూర్పు ఒడ్డున పెరిగింది. 941లో ఒక తుపాను రాత్రి ఆకుపచ్చ గుమ్మటం కూలింది. 1258లో మంగోలు నాయకుడు హులాగూ ఖాన్ సేనలు దోచుకున్నది ప్రధానంగా తూర్పు ఒడ్డు నగరాన్ని. ఆ విధ్వంసానికి పాతికేళ్ల ముందు అక్కడ కట్టిన ముస్తన్సిరియా మదర్సా ఇంకా ఉంది, దానిని చూడవచ్చు.

ప్రశ్న (విజయవాడ నుంచి విశ్రాంత పురపాలక ఉద్యోగి): నేను ముప్పయ్యేళ్లు పురపాలక సంఘంలో పనిచేశాను. ఆ నగరాలలో పురపాలక సంఘమే లేదంటారు. అయితే మంచినీళ్లు ఎవరు ఇచ్చారు, ఆసుపత్రి ఎవరు నడిపారు, వీధులు ఎవరు చూసుకున్నారు?

జవాబు: మీ అనుభవం నుంచి వచ్చిన ప్రశ్న కనుక దీనికి వివరంగా చెప్పాలి. మధ్యయుగ ఐరోపాలో వలె రాజు నుంచి హక్కుపత్రం పొంది తన పనులు తాను చూసుకునే నగర సంఘం ఇక్కడ లేని మాట నిజమే. అందువల్ల ఇవి అసలు నగరాలే కావని మాక్స్ వెబర్ వంటి జర్మన్ సామాజిక శాస్త్రవేత్తలు భావించారు. నేను దానికి ఒప్పుకోను. పని చేసే సంస్థ ఉంది, దాని రూపమే వేరు. ఆ సంస్థ పేరు వక్ఫ్.

వక్ఫ్ పద్ధతి మన దేవాలయ మాన్యాలు తెలిసిన తెలుగు పాఠకులకు సులభంగానే అర్థమవుతుంది. ఒక వ్యక్తి తన దుకాణాలనో, తోటనో, ఊరి శిస్తునో శాశ్వతంగా ఒక ధర్మకార్యానికి కట్టబెడతాడు. ఇక దానిని అమ్మడానికి, పంచుకోవడానికి వీలులేదు. వచ్చే అద్దెతో ఎవరికి ఏమి ఇవ్వాలో, ముతవల్లీ, అంటే ఆ ఆస్తిని చూసుకునేవాడు, ఎవరో, దీపాల నూనెకు ఎంతో దస్తావేజులో రాసి ఉంటుంది. ఆ విధంగా హమాం అద్దె మదర్సాను, బజారు అద్దె ఆసుపత్రిని పోషించేవి. నగరంలోని వ్యాపారం, ధర్మం ఒకే తాడుకు ముడిపడి ఉండేవి.

కైరోలో మమ్లూక్ సుల్తాన్ ఖలావూన్ 1284, 1285 సంవత్సరాలలో కట్టించిన ఆసుపత్రి దీనికి గొప్ప ఉదాహరణ. ధనిక, పేద భేదం లేకుండా స్త్రీపురుషులందరికీ అక్కడ వైద్యం చేయాలని వక్ఫ్ పత్రం నిర్దేశించింది. జ్వరాలకు, కంటి జబ్బులకు, శస్త్రచికిత్సకు వేరు వేరు విభాగాలు ఉండేవి. ఆ ఆవరణలో ఈ కాలంలోనూ కంటి ఆసుపత్రి నడిచింది. జెరూసలేంలో 1552లో ఒట్టొమన్ సుల్తాన్ సులేమాన్ భార్య హుర్రెం ఒక అన్నసత్రానికి వక్ఫ్ ఏర్పాటు చేసింది, దాని ఖర్చుకు పాలస్తీనా గ్రామాల శిస్తును కేటాయించింది. స్త్రీలు తమ సొంత ఆస్తిని వక్ఫ్ చేయడం అరుదైన విషయం కాదు. మొరాకోలోని ఫెజ్ నగరంలో ఖరవియ్యీన్ మసీదును 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే వ్యాపారి కుమార్తె తన వారసత్వపు సొమ్ముతో కట్టించిందని అక్కడి సంప్రదాయం చెబుతుంది.

నీటి విషయంలో ఆ ఫెజ్ చూడదగిన ఊరు. నగరం వాలులో ఉండడం వల్ల ఎగువన నదిని కాలువలుగా చీల్చి, మసీదులకు, హమాంలకు, ఇళ్లకు పంచారు. తాగడానికి ఊటల నీరు వేరు, వాడకానికి నది నీరు వేరు, మురుగుకు కాలువ వేరు. తోళ్లు ఊనే వారిని, రంగులు వేసే వారిని నది పక్కన ఉంచారు. కైరోలో మరొక ముచ్చటైన ఏర్పాటు ఉండేది. ఒట్టొమన్ కాలపు సబీల్ కుత్తాబ్‌లలో కింది అంతస్తులో కిటికీ కమ్మీల గుండా దారిన పోయేవారికి ఉచితంగా చల్లని నీరు అందించేవారు, పై అంతస్తులో అనాథ పిల్లలకు చదువు చెప్పేవారు. అబ్దుర్రహ్మాన్ కత్‌ఖుదా 1744లో కట్టించినది రెండు వీధులు చీలే మొనలో ఇప్పటికీ నిలబడి ఉంది. దాహం, చదువు ఒకే కట్టడంలో తీర్చిన ఆ ఊహ నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

వీధుల సంగతి, తూనికలు కొలతల సంగతి చూసే అధికారి ముహ్తసిబ్. పన్నెండవ శతాబ్దంలో సిరియాలో షైజరీ అనే ఆయన ఇటువంటి అధికారుల కోసం ఒక చేతిపుస్తకం రాశాడు. రొట్టె తూకం, కల్తీ మందులు, నడిచే దారికి అడ్డు పెట్టిన అరుగులు అన్నీ అందులో ఉన్నాయి. కట్టెలు మోసుకొచ్చిన పశువులను ఆపినప్పుడు వాటి వీపు మీది బరువు దింపాలని కూడా అందులో ఉంది, బరువుతో నిలబెడితే వాటికి బాధ గనుక. రాత్రి కాపలా మొహల్లా వారే చూసుకునేవారు. చాలా ఊళ్లలో ప్రతి మొహల్లాకు దర్వాజా ఉండి, పొద్దుపోయాక మూసేవారు.

ఈ పద్ధతిలో లోపాలూ ఉన్నాయి. ఆస్తిని అమ్మే వీలు లేకపోవడం వల్ల శిథిలమైన దుకాణాలు ఏళ్ల తరబడి అలాగే పడి ఉండేవి. ముతవల్లీల స్వాహా గురించి ఫిర్యాదులు ప్రతి శతాబ్దంలో వినవస్తాయి. ఊరంతటికీ కలిపి ఆలోచించే చోటు లేదు. ఒక దాత మనసు పడిన వీధికి రెండు సబీళ్లు ఉంటే, పక్క వీధికి ఒక్కటీ ఉండకపోవచ్చు. మీరు చేసిన ఉద్యోగం విలువ ఇక్కడే తెలుస్తుంది.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఇద్దరు, హ్యూస్టన్ నుంచి ఒకరు): హైదరాబాద్‌ను ఇస్ఫహాన్ నగరాన్ని చూసి కట్టారని చెబుతారు. ఇది నిజమేనా?

జవాబు: తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ దక్షిణపు ఒడ్డున హైదరాబాద్‌కు పునాది వేసినది 1591లో, అంటే హిజ్రీ 1000 మొదలైన ఏడాదిలో. ఇరాన్ పాలకుడు షా అబ్బాస్ ఇస్ఫహాన్‌ను రాజధానిగా చేసుకున్నది 1598 ప్రాంతంలో. మనం ఇస్ఫహాన్ అనగానే తలచుకునే నఖ్షే జహాన్ చౌకు, చార్ బాగ్ వీధి, ముప్పైమూడు కమానుల వంతెన, నీలి గుమ్మటాల షా మసీదు అన్నీ చార్మినార్ తరువాత రూపుదిద్దుకున్నవే. తరువాత పుట్టినదానిని చూసి ముందున్నది ఎలా కడతారు?

ఇరానీ ఆలోచన హైదరాబాద్‌లో లేదని నా ఉద్దేశం కాదు. సుల్తాన్‌కు పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా, ఉన్న మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. నాలుగు బజారులు కలిసే చోటును ఇరాన్, మధ్యాసియాలలో చార్‌సూ అంటారు. అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ పాత నగరం నాలుగు గోడల నడుమ నాలుగు బజారులు ఒక చార్‌సూ దగ్గర కలిసే రూపంలో ఉంది. చార్మినార్‌కు ఉత్తరాన చార్ కమాన్ నడుమ ఉన్న గుల్జార్ హౌజ్ పాత పేరు చార్ సూ కా హౌజ్. ఆ పేరే పోలికను పట్టిస్తుంది.

అయితే ఇంటి దగ్గరి పోలికను మనం తరచుగా మరచిపోతాము. కాకతీయుల ఓరుగల్లు కోటలో వలయాకారపు గోడల నడుమ స్వయంభూ శివాలయం, దానికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, వాటి గుండా నాలుగు దిక్కులకు సాగే దారులు ఉన్నాయి. ఆ కోట కుతుబ్ షాహీ రాజ్యంలోనే ఉంది, ఆ తోరణాలు అప్పటికీ నిలిచే ఉన్నాయి. నాలుగు దిక్కులకు నాలుగు కమానులు తెరచి నగరం నడుమ నిలిచే చార్మినార్‌ను ఊహించినవారు ఓరుగల్లు తోరణాలను ఎరగరని నేను అనుకోలేను. చార్‌సూ, తోరణ చతుష్టయం రెండూ కలిసి మనకు చార్మినార్ అయ్యాయన్నది నా అభిప్రాయం. దీనిని ఒక నగరానికి మరొకటి నకలు అనే కంటే సంగమం అనడం న్యాయం.

ఇస్ఫహాన్‌తో అసలైన బంధం రాతిలో కంటే మనుషులలో, సరుకులో ఉంది. ఇస్ఫహాన్‌కు దగ్గరి అర్దిస్తాన్‌లో పుట్టిన మహమ్మద్ సయీద్ గోల్కొండకు వచ్చి, వజ్రాల వ్యాపారంతో పైకెదిగి, మీర్ జుమ్లాగా చరిత్రకెక్కాడు. మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ బట్ట ఇరాన్‌కు ఎగుమతి అయ్యేది. హైదరాబాద్‌లో కార్వాన్ అనే పేట పేరు ఆ వర్తకుల బిడారులను ఇంకా గుర్తుచేస్తూనే ఉంది.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి, ఉద్యోగరీత్యా కైరో వెళ్లబోతున్న పాఠకురాలు): ఫుస్తాత్, కైరో ఒకటేనా?

జవాబు: ఒకటి కాదు, పక్కపక్కన పుట్టి కలిసిపోయినవి. అరబ్బు సేనాని అమ్ర్ ఇబ్నుల్ ఆస్ 641 ప్రాంతంలో దండు విడిది వేసిన చోట ఫుస్తాత్ వెలసింది. ఫాతిమీ సేనాని జౌహర్ 969లో దానికి ఉత్తరాన కట్టినది అల్ ఖాహిరా, అంటే విజయిని. అది ఖలీఫాకు, సైన్యానికి ఉద్దేశించిన మూసిన నగరం, సామాన్యులు, వర్తకులు ఉండేది ఫుస్తాత్‌లోనే. 1168లో క్రూసేడర్లు వస్తున్నారన్న భయంతో మంత్రి షావర్ ఫుస్తాత్‌కు నిప్పు పెట్టించాడు. తరువాత ఈజిప్టును ఏలిన సలాహుద్దీన్ రాజనగరాన్ని అందరికీ తెరిచాడు.

వెళ్లినప్పుడు పాత కైరోలోని బెన్ ఎజ్రా యూదుల ప్రార్థనామందిరం తప్పక చూడండి. దాని అటక గదిలో శతాబ్దాల పాటు పోగుపడిన లక్షలాది కాగితపు ముక్కలు పంతొమ్మిదవ శతాబ్దం చివర వెలుగు చూశాయి. పన్నెండవ శతాబ్దంలో మంగళూరులో కాపురముండి కంచు సామాను చేయించిన అబ్రహాం బెన్ యీజూ అనే యూదు వర్తకుడి ఉత్తరాలు వాటిలో ఉన్నాయి. దగ్గరలోని రోదా దీవిలో 861లో కట్టిన నైలు కొలమానం ఉంది. బావి వంటి గుంటలో మూరల గీతలు చెక్కిన స్తంభం అది. వరద నీరు 16 మూరలకు చేరితే పంటకు భయం లేదు, శిస్తు వేయవచ్చు. తక్కువైతే కరువని ఊరంతా దిగులు పడేది.

ప్రశ్న (కర్నూలు నుంచి ఒక ఇంజనీరు): ఆ పాత సందులలోకి అంబులెన్సు కూడా పోదు. వాటిని కాపాడుకోవడం వల్ల అక్కడ ఉండేవారికి ఏమి ప్రయోజనం?

జవాబు: మీ ప్రశ్నలో న్యాయం ఉంది. పాత ఊరిని అద్దాల బీరువాలో బొమ్మలా ఉంచడం అక్కడివారికి ద్రోహమే. ఆ తప్పు జరిగింది కూడా. 1912 తరువాత మొరాకోలో ఫ్రెంచి పాలకుడు లియోతే మదీనాల (పాత ఊళ్ల) జోలికి పోరాదని ఆదేశించి, వాటి పక్కన తిన్నని వీధులతో యూరోపియన్ల కోసం కొత్త నగరాలు కట్టించాడు. అల్జీర్స్‌లో 1830 తరువాత చేసినట్టు పాత ఊరిని కూల్చలేదు గనుక దీనిని మెచ్చుకునేవారున్నారు. కానీ పెట్టుబడి అంతా కొత్త ఊరికి పోయింది, ధనికులు తరువాత అటే పోయారు, పాత ఇళ్లు గదికొక కుటుంబంగా కిక్కిరిసిపోయాయి. కైరోలో ఈజిప్టు పాలకుడు ఖెదివ్ ఇస్మాయిల్ కాలంలో పాత మొహల్లాలను చీల్చుకుంటూ మహమ్మద్ అలీ వీధి వేశారు, అడ్డు వచ్చిన ఇళ్లు, మసీదులు పోయాయి. యుద్ధం చేసిన నష్టం వేరు. అలెప్పో కప్పు బజారులు 2012లో కాలిపోయాయి, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అక్కడి పెద్ద మసీదు మినారు కూలిపోయింది.

అయినా కాపాడుకునే పనిని, బతుకు బాగుచేసే పనిని కలిపి చేయవచ్చునని చూపిన చోటు ఒకటి ఉంది. కైరోలో దర్బుల్ అహ్మర్ అనే పేదల పేట పక్కన దాదాపు అయిదు వందల ఏళ్లుగా ఊరి చెత్త పోయగా పోయగా గుట్టలు లేచాయి. ఆగాఖాన్ సంస్థ ఆ గుట్టలను చదును చేసి, నగరానికి తాగునీటి తొట్లను నేల కింద అమర్చి, పైన 30 హెక్టార్ల ఉద్యానవనం వేసింది. 2005లో అది జనానికి తెరుచుకుంది. తవ్వుతుండగా సలాహుద్దీన్ కాలపు నగర గోడ దాదాపు కిలోమీటరున్నర పొడవున బయటపడింది. గోడకు ఆనుకుని ఉన్న ఇళ్లను ఖాళీ చేయించాలన్న ఆలోచన ఉండేది, దానిని మానుకుని ఆ ఇళ్లనే బాగుచేశారు. పేటలోని యువకులకు రాతి పని, వడ్రంగం నేర్పి, గోడ మరమ్మతులో వారినే పనిలో పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ సందులలోని పిల్లలు సాయంత్రం పూట ఆడుకోవడానికి పోయే పచ్చని చోటు వారి తాతల కాలంలో చెత్తగుట్టగా ఉండేది.